సూట్‌కేస్ కంటే ముందు ఫైలు సర్దుకోండి: పాలమూరు నుంచి ట్రావెల్ నర్సు దాకా

మా నాయన బొంబాయి బస్సు ఎక్కిన మనిషి. నారాయణపేట దగ్గర మా ఊళ్లో దసరా అయిపోగానే గుంపు మేస్త్రీ వచ్చి ఇంటింటికీ అడ్వాన్స్ ఇచ్చి వెళ్లేవాడు. మట్టి పనికి పోయినవాళ్లు మళ్లీ మృగశిర కార్తెకు గానీ ఊళ్లో కనబడేవాళ్లు కాదు. 2008లో నాకు సౌదీ ఆస్పత్రి కాంట్రాక్టు వచ్చినప్పుడు ఆ నాలుగు పేజీలూ తెచ్చి నాయన చేతిలో పెట్టాను. ఆయనకు చదువు రాదు. కాగితాలను అటూ ఇటూ తిప్పి మూడు మాటలు అడిగాడు.

"మేస్త్రీ ఎవ్వలు బిడ్డా? లెక్క ఎప్పుడు జేస్తడు? నడుమ పని బంద్ వెడితే తిరుగు కిరాయి ఎవ్వలు పెట్టుకుంటరు?"

నేను నర్సును నాయనా, కూలీని కాదు అని నవ్వేశాను. ఆ మూడో ప్రశ్నకు జవాబు వెతక్కుండా పదిహేడేళ్ల తర్వాత అమెరికాలో ఇంకో కాంట్రాక్టు మీద సంతకం పెట్టాను. ఎంత పోయిందో ముందు ముందు చెప్తాను.

ఊరికి వచ్చిన ప్రతిసారీ నర్సింగ్ చదివే పిల్లలు ఇద్దరో ముగ్గురో ఇంటికి వస్తారు. "అక్కా, ట్రావెల్ నర్సు అంటే ఏంది, ఎట్ల పోవాలి, జీతం నిజమేనా" అని అడుగుతారు. చాయ్ తాగేలోపు చెప్పగలిగే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

ముందు ఆ మాటకు అర్థం

ట్రావెల్ నర్సు అంటే విదేశానికి వెళ్లిన నర్సు అని మన దగ్గర చాలామంది అనుకుంటారు. అసలు అర్థం వేరు. అమెరికాలో ఒక ఆస్పత్రికి నర్సులు తక్కువ పడితే ఏజెన్సీ ద్వారా కొద్ది వారాలకు బయటి నర్సును తెచ్చుకుంటారు. కాంట్రాక్టు సాధారణంగా 13 వారాలు, వారానికి 36 గంటలు, అంటే పన్నెండు గంటల డ్యూటీలు మూడు. అవి అయిపోతే పొడిగించుకోవచ్చు, లేదా పెట్టె సర్దుకుని ఇంకో ఊరు పోవచ్చు. 1978లో న్యూ ఆర్లీన్స్‌లో మార్డి గ్రా పండుగ రద్దీకి బయటి నుంచి నర్సులను రప్పించడంతో ఈ పద్ధతి మొదలైందని చెప్తారు. జాతరకు పక్క జిల్లాల నుంచి అదనంగా సిబ్బందిని దింపినట్టే అనుకోండి.

కాబట్టి మహబూబ్‌నగర్‌లో జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) పాసై నేరుగా ట్రావెల్ నర్సు అవడం అంటూ ఉండదు. మధ్యలో చాలా మెట్లున్నాయి. నాకు ఇరవై ఏళ్లు పట్టింది. మీకు అంత పట్టకపోవచ్చు, కానీ ఏ మెట్టునూ దాటవేయలేరు.

ఒకే యూనిట్‌లో కనీసం రెండేళ్లు

నేను 2004లో హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరాను. ఆరు నెలలు జనరల్ వార్డు, తర్వాత మూడున్నరేళ్లు ఐసీయూ. జీతం హాస్టల్‌కు, ఇంటికి పంపడానికి సరిపోయేది, అంతే. నాతో చేరిన ఇద్దరు ఐదొందలు ఎక్కువ ఇస్తున్నారని ఏడాదిలో మూడు ఆస్పత్రులు మారారు. గల్ఫ్ ఇంటర్వ్యూలో వాళ్లను అడిగిన మొదటి ప్రశ్నే "ఒకే చోట రెండేళ్లు ఎక్కడ చేశారు?" అని.

ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, ఎమర్జెన్సీ, డయాలిసిస్, ఎన్‌ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ), క్యాత్ ల్యాబ్ (గుండె రక్తనాళాల పరీక్షలు చేసే చోటు): వీటిలో ఏదో ఒకటి పట్టుకుని గట్టిగా నేర్చుకోండి. "అన్ని వార్డులూ చేశాను" అంటే ఎక్కడా ఎవరూ లెక్కపెట్టరు. మన ఆస్పత్రుల్లో చేయి తిరగడానికి కావలసినంత పని దొరుకుతుంది. నేను హైదరాబాద్‌లో ఒక్క రాత్రిలో పెట్టిన కాన్యులాలు (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే గొట్టాలు) అక్కడి కొత్త నర్సులు కొందరు నెలంతా పెట్టరు. మనకు తక్కువయ్యేది రాత. ఏం చూశాం, ఏ టైముకు డాక్టర్‌కు చెప్పాం, ఆయన ఏమన్నాడు, మళ్లీ ఎప్పుడు చూశాం అని రాసే అలవాటు ఇక్కడే చేసుకోండి. "పేషెంట్ కంఫర్టబుల్" అని మూడు షిఫ్టులకూ ఒకటే ముక్క రాసే అలవాటును వదిలించుకోవడానికి నాకు సౌదీలో ఏడాది పట్టింది.

ఊరు వదలడం ఇష్టం లేకపోతే అదేమీ తక్కువ దారి కాదు. ఎయిమ్స్ వాళ్లు నర్సు ఉద్యోగాలకు పెట్టే నార్సెట్ పరీక్ష రాస్తే మన పక్కనే బీబీనగర్ ఎయిమ్స్ ఉంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండింటిలోనూ ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. మా క్లాస్‌మేట్ ఒకామె సర్కారు ఉద్యోగంలో ఉండి ఇల్లు కట్టింది, పిల్లల్ని చదివించింది. నాకంటే బాగా నిద్రపోతుంది కూడా.

ఫైలు

నర్సు ఎంత మంచిదైనా కావచ్చు, కాగితాలు కుదరకపోతే కాలు కదపలేదు. గల్ఫ్ అయినా అమెరికా అయినా వాళ్లు మన సర్టిఫికెట్‌ను చూసి నమ్మరు. గల్ఫ్‌కు డేటాఫ్లో, అమెరికాకు సీజీఎఫ్‌ఎన్‌ఎస్ (ఇప్పుడు దాని పేరు ట్రూమెరిట్) వంటి సంస్థలు మన నర్సింగ్ స్కూల్‌కు, కౌన్సిల్‌కు, పని చేసిన ఆస్పత్రికి నేరుగా రాసి "ఈమె మీ దగ్గర చదివిందా, చేసిందా?" అని అడుగుతాయి. అక్కడి నుంచి జవాబు రాకపోతే మన పని ఆగిపోతుంది.

మన వైపు పిల్లలకు అన్నిటికంటే ఎక్కువగా తగిలే దెబ్బ పేరు దగ్గర. నా టెన్త్ మెమోలో ఇంటి పేరుకు ఒక పొడి అక్షరమే ఉంది. నర్సింగ్ సర్టిఫికెట్‌లో ఇంటి పేరు పూర్తిగా ఉంది. పాస్‌పోర్ట్‌లో పెళ్లి తర్వాత మా ఆయన ఇంటి పేరు చేరింది. ఉన్నది ఒక్కదాన్నే, కాగితాల్లో ముగ్గురం. ముగ్గురూ నేనేనని అఫిడవిట్లు పెట్టి ఒప్పించేసరికి నాలుగు నెలలు గడిచిపోయాయి, మొదటి ఆఫర్ పోయింది. టెన్త్ మెమోలో ఏ పేరు, ఏ పుట్టిన తేదీ ఉన్నాయో అన్నింటిలో అవే ఉండేలా మొదటి రోజు నుంచే చూసుకోండి. పాస్‌పోర్ట్ తీసుకునేటప్పుడు ఇంటి పేరును ఏ గడిలో ఎట్లా రాయాలో దరఖాస్తు నింపే కుర్రాడి చేతికి వదలొద్దు. పెళ్లయ్యాక పేరు మార్చుకోవాలనే చట్టం ఏదీ లేదు. అత్తగారింట్లో ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పండి.

ఫైలులో ఉండవలసినవి: టెన్త్, ఇంటర్ మెమోలు, నర్సింగ్ మార్కుల మెమోలు అన్ని సంవత్సరాలవీ, ట్రాన్‌స్క్రిప్ట్, సిలబస్ గంటలు థియరీకి వేరుగా, క్లినికల్‌కు వేరుగా చూపించే కాగితం, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, నేషనల్ యూనిక్ ఐడీ, ప్రతి ఆస్పత్రి నుంచి ఆఫర్ లెటర్, జీతం స్లిప్పులు, అనుభవ పత్రం, రిలీవింగ్ లెటర్. అనుభవ పత్రంలో యూనిట్ పేరు, పడకల సంఖ్య, చేరిన తేదీ, మానేసిన తేదీ ఉండాలి. "స్టాఫ్ నర్సుగా సంతృప్తికరంగా పని చేసింది" అనే రెండు ముక్కల కాగితం అక్కరకు రాదు.

నేను రిజిస్టర్ అయింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లో. 2014 తర్వాత తెలంగాణకు వేరే కౌన్సిల్ వచ్చింది. నాలాగా పాత రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు వెరిఫికేషన్‌కు ఇచ్చే ముందే తమ రికార్డు ఎక్కడుందో కనుక్కుని, రెన్యువల్ చేయించుకోండి.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఒరిజినల్స్‌కు లామినేషన్ చేయించకండి, అటెస్టేషన్ ముద్ర దాని మీద పడదు. మా అమ్మ ఎంతో ప్రేమగా నా టెన్త్ మెమోకు క్లాక్ టవర్ దగ్గర షాపులో లామినేషన్ చేయించింది. దాన్ని ఊడదీయించడానికి పడ్డ టెన్షన్ ఆ మెమో తెచ్చుకోవడానికి రాసిన పరీక్షకు కూడా పడలేదు. రెండోది, ఒరిజినల్స్‌ను ఏ ఆస్పత్రికీ, ఏ ఏజెంటుకూ "జమ" చేయొద్దు. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, వెనక్కి తీసుకోండి. నా మొదటి ఆస్పత్రిలో బాండ్ పేరుతో నావి తీసిపెట్టుకున్నారు. తిరిగి తెచ్చుకోవడానికి ఐదు సార్లు తిరిగాను.

మేస్త్రీ ఎవరు?

ఇది నాయన మొదటి ప్రశ్న. సౌదీ, యూఏఈ, ఖతర్, కువైట్ లాంటి 18 దేశాలకు నర్సుగా వెళ్లాలంటే పాస్‌పోర్ట్ ఏ రకమైనదైనా కేంద్ర ప్రభుత్వ సైట్ ఈ-మైగ్రేట్ ద్వారా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. టూరిస్ట్ వీసా మీద పంపి అక్కడ మార్పిస్తానన్న ఏజెంటు గడప దిగేదాకా ఆగి తలుపేసుకోండి. రిజిస్టర్డ్ ఏజెంటుకు లైసెన్స్ నంబర్ ఉంటుంది, ఈ-మైగ్రేట్ సైట్‌లో చూసుకోవచ్చు. చట్టం ప్రకారం ఆయన తీసుకోవలసిన ఫీజు గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ. నేను 2008లో రసీదు లేకుండా లక్షన్నర కట్టాను. సగం అమ్మ పుస్తెలతాడు, సగం వడ్డీ. క్లియరెన్స్ సమయంలో తీసుకునే ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకు 275 రూపాయలు, కవరేజీ పది లక్షలు. దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు.

ప్రైవేటు ఏజెంటు దగ్గరికి పోయేముందు టామ్‌కామ్‌లో అడగండి. అది తెలంగాణ ప్రభుత్వానిదే, విదేశీ ఉద్యోగాలకు పంపే సంస్థ. జర్మనీ వైపు నర్సులకు భాష నేర్పించి పంపే కార్యక్రమాలు నడిపారు. జర్మనీలో నర్సుగా పూర్తి గుర్తింపు రావాలంటే భాష సాధారణంగా బీ2 స్థాయి ఉండాలి. ఇంగ్లిష్‌కే భయపడే మనం జర్మన్ ఏం నేర్చుకుంటాం అని అనుకోవద్దు. ఇంగ్లిష్ ఎట్లాగూ సగం వచ్చని పుస్తకం తెరవం. జర్మన్ అసలే రాదు కాబట్టి కూర్చుని చదువుతాం.

గల్ఫ్‌కు దేశాన్ని బట్టి లైసెన్స్ పరీక్ష, ఎక్కువగా ప్రొమెట్రిక్ సెంటర్లలో రాస్తాం. బ్రిటన్‌కు అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఎన్‌ఎంసీలో రిజిస్ట్రేషన్: ఇంగ్లిష్ పరీక్ష, కంప్యూటర్ మీద సీబీటీ, అక్కడికి వెళ్లాక చేసి చూపించే ఆస్కీ. ఐఈఎల్‌టీఎస్‌లో అన్నింటిలో 7, రాయడంలో మాత్రం 6.5 వస్తే చాలు. నాలాంటి తెలుగు మీడియం వాళ్లకు ఐఈఎల్‌టీఎస్ కంటే ఆస్పత్రి పని వాళ్ల కోసం పెట్టే ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ నయం, ఎందుకంటే అందులో రాయమనేది పేషెంట్ గురించి లెటర్, గ్లోబల్ వార్మింగ్ గురించి వ్యాసం కాదు. బ్రిటన్ ఆస్పత్రులకు పంపే ఏజెన్సీ నర్సు దగ్గర ఫీజు తీసుకోకూడదని అక్కడి ప్రభుత్వ నియమావళిలో ఉంది. అడిగాడంటే తేడా ఉన్నట్టే. అయితే బ్రిటన్‌లో ఖాళీలు మూడేళ్ల కిందట ఉన్నంత లేవు.

అమెరికా లైను

ఈ సంగతి ముందే చెప్పాలి, యూట్యూబ్‌లో జీతాలు చెప్పేవాళ్లు ఇది చెప్పరు. అమెరికాకు నర్సు వెళ్లే మామూలు దారి ఈబీ-3 గ్రీన్ కార్డు, అంటే ఉద్యోగం మీద వచ్చే శాశ్వత నివాస అనుమతి. భారతదేశంలో పుట్టినవాళ్లకు ఆ లైను పదేళ్లకు పైనే. నేను 2010లో సెలవు మీద వచ్చి హైదరాబాద్ సెంటర్‌లో అమెరికా నర్సు లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్ రాశాను. 2011లో ఒక స్టాఫింగ్ ఏజెన్సీ నా పేరు మీద గ్రీన్ కార్డు పిటిషన్ వేసింది. 2021లో వీసా వచ్చింది. ఈ మధ్యలో నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు, సౌదీలో రెండు ఆస్పత్రులు మారాను, మా ఆయనకు షుగర్ వచ్చింది.

అందుకని రాయొద్దా? రాయండి. కానీ అదే పనిగా ఎదురుచూడొద్దు. ఆమోదం పొందిన పిటిషన్‌ను దాఖలు చేసిన తేదీ మీ వరస నంబర్ లాంటిది. తర్వాత వేరే యజమాని కొత్త పిటిషన్ వేసినా సాధారణంగా ఆ పాత తేదీ మీకే ఉంటుంది. దాని కాగితం, నంబర్ అడిగి తీసుకుని ఫైలులో పెట్టుకోండి. మన చదువు, లైసెన్స్ సరైనవేనని వీసాకు చూపించే వీసా స్క్రీన్ సర్టిఫికెట్‌కు ఐదేళ్లే గడువు, ముందే తీసుకుంటే లైను కదిలేసరికి మళ్లీ చేయించుకోవాలి.

ఎన్‌క్లెక్స్ ఫీజు 200 డాలర్లు, అమెరికా బయట రాస్తే ఇంకో 150. నేను రాసినప్పుడు ప్రశ్నలు 75 నుంచి 265 దాకా ఉండేవి. ఇప్పుడు 85 నుంచి 150, ఐదు గంటల సమయం. జవాబును బట్టి తర్వాతి ప్రశ్న బరువు మారుతుంది, వెనక్కి వెళ్లి దిద్దుకోలేం. 2023 ఏప్రిల్ నుంచి కేస్ స్టడీలు పెట్టారు: ఒకే పేషెంట్ గంట గంటకూ ఎట్లా మారుతున్నాడో చూపించి, ఇప్పుడు ఏం చేస్తావు అని అడుగుతారు. బట్టీ పట్టి వచ్చినవాళ్లు అక్కడే చిక్కుతారు. వార్డులో పని చేస్తూ రాసినవాళ్లకు అదే తేలిక. పరీక్షలో మన ఆస్పత్రి జవాబు కాకుండా పుస్తకం జవాబు పెట్టాలి. "డాక్టర్‌కు ఫోన్ చేస్తాను" అనేది చాలా ప్రశ్నల్లో తప్పు, ముందు నువ్వే పేషెంట్‌ను చూడాలి.

వెళ్లగానే ట్రావెల్ నర్సు అవుతామనీ అనుకోవద్దు. పిలిపించిన ఏజెన్సీకి రెండు మూడేళ్లు చేస్తానని రాసి ఇస్తాం, మధ్యలో వదిలితే కట్టవలసిన డబ్బు అందులోనే రాసి ఉంటుంది. నేను మూడేళ్లు టెక్సస్‌లో ఒకే ఐసీయూలో చేసి, లెక్క తేల్చుకున్న తర్వాతే ట్రావెల్‌లో దిగాను. రాష్ట్రాల మధ్య నర్సు లైసెన్స్ ఒప్పందం ఒకటుంది, టెక్సస్ అందులో ఉంది. అక్కడ నివాసం ఉంటే ఒకే లైసెన్స్‌తో నలభైకి పైగా రాష్ట్రాల్లో పని చేయొచ్చు. కాలిఫోర్నియా అందులో లేదు, విడిగా తీసుకోవాలి, నెలలు పడుతుంది. కానీ ఐసీయూలో ఒక నర్సుకు ఇద్దరు, మామూలు వార్డులో ఐదుగురు పేషెంట్లకు మించి ఇవ్వకూడదని అక్కడ చట్టం ఉంది. కాబట్టి ఆ ఫీజు దండగేమీ కాదు.

లెక్క ఎప్పుడు చేస్తాడు? తిరుగు కిరాయి ఎవరిది?

రిక్రూటర్ ఫోన్ చేసి "వారానికి 2,000 డాలర్లు" అంటాడు. అక్కడే ఆపి విడదీయమనండి. ఉదాహరణకు అందులో గంటకు 25 డాలర్ల చొప్పున 36 గంటలకు 900 జీతం, దానిమీద పన్ను ఉంటుంది. మిగిలిన 1,100 ఇంటి అద్దెకు, భోజనానికి ఇచ్చే స్టైపెండ్, దానిమీద పన్ను పడదు. కానీ పన్ను పడకూడదంటే అమెరికాలో మీకు వేరే చోట అసలు ఇల్లు, దానికి నిజంగా కడుతున్న అద్దె ఉండాలి. దాన్నే టాక్స్ హోమ్ అంటారు. అది లేకపోతే ఆ 1,100 మీద కూడా పన్ను కట్టాలి. ఒకే ఊళ్లో ఏడాది దాటి పని చేస్తే కూడా ఆ సౌకర్యం పోతుంది. నేను డాలస్ దగ్గర ఒక తెలుగువాళ్ల ఇంట్లో గది అద్దెకు ఉంచుకున్నాను, ప్రతి నెలా కడతాను, రసీదు ఉంచుకుంటాను. ఈ పని తెలిసిన టాక్స్ మనిషికి ఏడాదికి కొన్ని వందలు ఇవ్వడం నాకు భారం కాదు.

ఇక నేను పోగొట్టుకున్న సంగతి. 2025లో నా రెండో కాంట్రాక్టు. చలి రాష్ట్రం, చిన్న ఊరు. మంచి జీతం. మూడు నెలల అద్దె, డిపాజిట్ ముందే కట్టి గది తీసుకున్నాను. నాలుగో వారం మంగళవారం డ్యూటీ నుంచి వచ్చి అన్నం కుక్కర్‌లో పెడుతుంటే రిక్రూటర్ మెసేజ్: పేషెంట్లు తగ్గారు, శుక్రవారంతో కాంట్రాక్టు ముగిస్తున్నారు. కాంట్రాక్టు తీసి చదివితే తొమ్మిదో పేజీలో ఉంది, ఆస్పత్రి నోటీసు లేకుండా ముగించవచ్చని. నేను ముగిస్తే మాత్రం జరిమానా. ఇంటావిడ డిపాజిట్ ఇవ్వలేదు. అద్దె, విమానం, రెండో లైసెన్స్ ఫీజు కలిపి 4,300 డాలర్లు. ఆ రాత్రి నాయనకు ఫోన్ చేయలేదు. ఏం అడుగుతాడో తెలుసు.

అప్పటి నుంచి సంతకానికి ముందు ఇవి కాగితంలో ఉన్నాయా అని చూస్తాను. రిక్రూటర్ "అదేం ఉండదు లెండి" అంటే నాకు లెక్క కాదు. ఆస్పత్రి ముగిస్తే ఎన్ని రోజుల నోటీసు, ఇవ్వకపోతే నాకు ఏమిస్తారు. వారానికి ఎన్ని గంటలకు గ్యారంటీ, ఎన్ని షిఫ్టులు డబ్బివ్వకుండా రద్దు చేయొచ్చు, షిఫ్టు రద్దయితే స్టైపెండ్ కూడా కోస్తారా. వేరే వార్డులకు పంపితే ఏ వార్డులకు, అవి నాకు వచ్చినవేనా. ఓవర్‌టైమ్ దేని మీద లెక్క కడతారు. చాలాచోట్ల ఆ 25 డాలర్ల మీదే కడతారు, అందుకే జీతం భాగం మరీ తగ్గించి స్టైపెండ్ పెంచిన కాగితం చూడ్డానికి బాగుంటుంది కానీ ఒళ్లు వంచి అదనంగా చేస్తే మిగిలేది తక్కువ. పండుగకు, పెళ్లికి సెలవు కావాలంటే ఆ తేదీలు కాంట్రాక్టులోనే రాయించాలి, చేరాక ఎవరూ ఇవ్వరు. రెండు కాంట్రాక్టుల మధ్య ఆరోగ్య బీమా ఆగిపోతుంది, ఎన్ని రోజులు నడుస్తుందో అడగాలి. గది మాత్రం నెలనెలా ఖాళీ చేయగలిగేదే తీసుకుంటాను, ఖరీదు కాస్త ఎక్కువైనా.

యూనిట్ మేనేజర్‌తో ఫోన్ ఇంటర్వ్యూ పదిహేను ఇరవై నిమిషాలే ఉంటుంది. అందులో నేను రెండు అడుగుతాను: "ఇప్పుడు మీ దగ్గరున్న ట్రావెలర్లలో ఎంతమంది పొడిగించుకున్నారు?", "రాత్రి డ్యూటీలో ఛార్జ్ నర్సుకు (షిఫ్టు ఇన్‌ఛార్జికి) కూడా పేషెంట్లు ఉంటారా?" రెండోదానికి "అప్పుడప్పుడు" అని వినబడితే, నాకు కష్టమొచ్చినప్పుడు పక్కన ఎవరూ ఉండరని అర్థం.

కొత్త యూనిట్‌లో మొదటి రాత్రి

ట్రావెలర్‌కు ఓరియెంటేషన్ ఒకటి రెండు షిఫ్టులే. ఆ తర్వాత నువ్వు పదేళ్లుగా అక్కడే ఉన్నట్టు పేషెంట్లను ఇస్తారు. నా మూడో కాంట్రాక్టు మొదటి రాత్రి. అరవై దాటిన పెద్దాయన, ఒంటినిండా ఇన్ఫెక్షన్, బీపీ నిలబెట్టడానికి నోర్‌ఎపినెఫ్రిన్ డ్రిప్ నడుస్తోంది. హ్యాండోవర్ ఇచ్చిన, అంటే షిఫ్టు దిగుతూ పేషెంట్‌ను నాకు అప్పగించిన అమ్మాయి "ఆల్ గుడ్" అని బ్యాగు భుజానికి వేసుకుంటోంది. ఒక్క నిమిషం ఆగమన్నాను. హైదరాబాద్‌లో మా ఇన్‌ఛార్జ్ సిస్టర్ నేర్పిన అలవాటు: సెలైన్ బ్యాగు దగ్గర వేలు పెట్టి, ట్యూబు వెంటే పంపు దాకా, పంపు నుంచి పేషెంట్ మెడ దాకా, వేలు తీయకుండా రావాలి. ఒక్కో లైనుకు ఒక్కసారి. రెండో లైను మీద వేలు పెట్టి పైకి చూస్తే బ్యాగులో అడుగున వేలెడంత మందు ఉంది. పంపు మీద మిగిలింది పద్దెనిమిది నిమిషాలు. ఆ మందు ఆగితే రెండు మూడు నిమిషాల్లోనే బీపీ జారిపోతుంది.

కొత్త బ్యాగు మందుల మెషిన్‌లో ఉంటుంది. వెళ్లి వేలు పెడితే మెషిన్ నా పేరు లేదంటుంది. నా యాక్సెస్ ఇంకా తెరవలేదు. వెళ్లిపోతున్న అమ్మాయిని లిఫ్ట్ దగ్గర పట్టుకుని తీయించాను. బ్యాగు మార్చేసరికి నాలుగు నిమిషాలు మిగిలాయి.

అందుకే ఇప్పుడు హ్యాండోవర్‌కు ముప్పావు గంట ముందే వెళ్తాను. మందుల మెషిన్ తెరుచుకుంటుందా, కంప్యూటర్‌లో నా లాగిన్ నడుస్తుందా, గ్లూకోమీటర్‌కు నా బ్యాడ్జి పనిచేస్తుందా చూస్తాను. క్రాష్ కార్ట్ (గుండె ఆగినప్పుడు వాడే మందులు, పరికరాల బండి) ఎక్కడుందో కళ్లతో చూసి, దాని దగ్గరికి నడిచి వస్తాను. ఎమర్జెన్సీ నంబర్ ప్రతి ఆస్పత్రిలో వేరు, చేతి మీద పెన్నుతో రాసుకుంటాను. పేషెంట్ల రికార్డులు రాసే ఎపిక్, సర్నర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో చేయి తిరిగితే సగం భయం పోతుంది. ఆ పైన, రాత్రంతా పక్క నర్సుకు పేషెంట్‌ను తిప్పి పడుకోబెట్టడంలో సాయం చేస్తాను. ట్రావెలర్లకు జీతం ఎక్కువని అక్కడి వాళ్లకు లోలోపల మంట ఉంటుంది, తప్పు కాదు. రెండు సార్లు చేయి వేస్తే మూడోసారి వాళ్లే మనకోసం లేస్తారు. "మా పాత ఆస్పత్రిలో ఇట్లా చేసేవాళ్లం" అనే మాట మాత్రం నోట్లోంచి రానివ్వొద్దు.

ఎదగడం సంగతి

ట్రావెల్‌లో డబ్బుంది, మెట్లు లేవు. ప్రమోషన్ ఉండదు, ట్రైనింగ్‌కు ఎవరూ పంపరు, కష్టమైన పరికరాలు సొంత స్టాఫ్‌కే ఇస్తారు. కోవిడ్ రోజుల్లో ఆకాశానికి ఎక్కిన రేట్లు తర్వాత దిగిపోయాయి. ఆ జీతం శాశ్వతమనుకుని పెద్ద ఇల్లు కొన్నవాళ్లు ఇప్పుడు వారానికి ఐదు షిఫ్టులు చేస్తున్నారు.

అందుకని నేను రెండు కాంట్రాక్టులకు ఒకసారి ఏదో ఒక కాగితం కలుపుకుంటున్నాను. ప్రాణాపాయంలో ఉన్నవాళ్లను కాపాడే పద్ధతుల సర్టిఫికెట్లు బీఎల్‌ఎస్, ఏసీఎల్‌ఎస్ ఎట్లాగూ రెండేళ్లకోసారి తప్పదు. ఐసీయూ వాళ్లకు సీసీఆర్‌ఎన్ అనే సర్టిఫికెట్ పరీక్ష ఉంది. రెండేళ్లలో 1,750 గంటలు బెడ్ పక్కన చేసి ఉంటే రాయొచ్చు, నేను గత ఏడాది పాసయ్యాను. నాది జీఎన్‌ఎం కాబట్టి బీఎస్సీకి సమానమైన చదువు ఆన్‌లైన్‌లో చేస్తున్నాను. అది అయితేనే నర్స్ ప్రాక్టీషనర్ (పేషెంట్‌ను చూసి మందులు కూడా రాసే నర్సు) దారి తెరుచుకుంటుంది. మీరింకా ఇక్కడే ఉంటే, జీఎన్‌ఎం తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీని పెళ్లికి ముందే పూర్తి చేసుకోండి. నలభై రెండేళ్ల వయసులో నైట్ డ్యూటీ చేసి వచ్చి స్టాటిస్టిక్స్ అసైన్‌మెంట్ రాయడం ఎట్లా ఉంటుందో నన్నడగండి.

వచ్చే సోమవారం మళ్లీ బయలుదేరుతున్నాను, ఈసారి ఒరెగాన్, 13 వారాలు. నిన్న రాత్రి వాకిట్లో మంచం మీద కూర్చుని కాంట్రాక్టును ఫోన్‌లో తెరిచి నాయనకు తెలుగులో చదివి చెప్పాను. ఆస్పత్రి ముందే ముగిస్తే రెండు వారాల నోటీసు, ఇవ్వకపోతే ఆ రెండు వారాల జీతం. ఆయన చుట్ట ఆర్పి, "మరి కిరాయో?" అన్నాడు. ఇంటి కిరాయి నెలనెలా అని చెప్పాను. అది కాదన్నాడు, తిరుగు కిరాయి. కాంట్రాక్టులో వెతికాను, ఎక్కడా లేదు. పొద్దున రిక్రూటర్‌కు మెసేజ్ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు.